ఆరు ముళ్ళ బుట్ట

హైదరాబాదు నుంచి ఢిల్లీ ఎంత దూరమని నేను ముగ్గురిని అడిగాను. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. ఒక్కడంటే ఒక్కడు నాకు పనికొచ్చే మాట చెప్పలేదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నేను అడిగింది మైళ్ళు కాదు, గంటలూ కాదు. కాయ చెట్టు నుంచి తెగిన పొద్దు మొదలు, తినేవాడి నోట్లో పండై పడే పొద్దు దాకా ఎన్ని పొద్దులు? అంతే. నా పనికి కావలసిన లెక్క అదొక్కటే.

నా పేరు జోగులమ్మ. కొల్లాపూర్ దాటి కృష్ణ వైపు పోయే బాటలో మా దొర మామిడితోట ఉంది. నూటపది బేనిషాన్ చెట్లు. ఆ తోట కావలి, కాయ కోత, మాగబెట్టడం మా అత్త నుంచి నాకు వచ్చిన పనులు. నా మగడు నాగప్ప తొమ్మిదేళ్ళ కింద చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి గుడిసె ముందర కూర్చుని గడ్డితాళ్ళు పేనడం ఆయన పని, కాయ కోసే చిక్కం పట్టుకుని చెట్లెక్కడం నా పని. మా గుడిసె తోటలోనే. తోట చేతిలో ఉన్నంతకాలమే ఆ గుడిసె మాది. అది పోతే కుంటికాలి మనిషిని వెంటేసుకుని నేను ఎక్కడికి పోవాలి? నా బాధంతా ఆ గుడిసె గురించే, ముందే చెబుతున్నాను.

కాయను చేత్తో పట్టుకుంటే అది ఎన్ని పొద్దులకు పండవుతుందో చెప్తాను. భుజాలు నిండి, తొడిమ చుట్టూ గుంట పడితే ఆరు పొద్దుల కాయ. ఆ గుంటలో పసుపు తిరిగితే మూడు పొద్దులది. చెట్టు కిందికి పోగానే వాసన కొడితే అది రేపటి పండు. పాన్‌గల్‌కు పోయే బుట్టలో రెండు పొద్దుల కాయ పెడతాం, నాగర్‌కర్నూలుకు మూడు పొద్దులది. బుట్ట మూతి కట్టిన గడ్డితాడుకు అన్ని ముళ్ళు వేస్తాం. బుట్ట అందినవాళ్ళు రోజూ తెల్లవారి ఒక ముడి విప్పాలి. బాటలో ఉంటే మోసేవాడే విప్పుతాడు. ఆఖరి ముడి విప్పిన పొద్దున మూత తీసి తినాలి. మా దిక్కున దీన్ని ఎవరికీ ప్రత్యేకంగా నేర్పం. బుట్ట ఇంట్లోకి వచ్చిందంటే ముడి నేను విప్పుతానంటే నేను విప్పుతానని పిల్లలు కొట్లాడుకుంటారు. దొరగారి బిడ్డ ఇందిరమ్మ చిన్నప్పుడు ఆ ముడి కోసమే నా కొంగు పట్టుకుని తిరిగేది.

ఆ ఇందిరమ్మకే, యుద్ధం ముగిసిన రెండో యేడు, ఫాల్గుణంలో పెండ్లి అయింది. పిల్లవాడు హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, ఢిల్లీలో ఇంజనీరు కొలువు. ఆషాఢం దాటాక పిల్లను కాపురానికి పంపుదామనుకున్నారు. ఈలోపల ఎండాకాలం వచ్చింది. కొత్త అల్లుడికి మొదటి యేడు తోట పండు పంపకపోతే ఎలా? అదీ అందరూ పంపినట్టు పంపితే మా దొర గొప్పేముంది?

ఒక పగటిపూట దొర దగ్గర రాతకోతలు చూసే మున్షీ శంకరయ్య గొడుగు వేసుకుని తోటకు వచ్చాడు.

"జోగులమ్మా, మన కాయ ఢిల్లీకి పోతున్నది. గాలిమోటర్ల."

"గాలిమోటర్లనా! ఎన్ని పొద్దులకు చేరుతది, పంతులూ?"

"పొద్దులేంది పిచ్చిదానా! హైదరాబాద్ కెళ్ళి ఢిల్లీకి ఏడు నూర్ల ఎనభై మైళ్ళు. ఏడు గంటలు. నడుమ నాగపూర్ల, భోపాల్ల దిగి లేసేది గూడ కలుపుకునే ఏడు గంటలు. సమజైందా?"

"గంటలు గాదయ్యా నేనడిగేది. కోసిన కాడికెళ్ళి తినే దాక ఎన్ని పొద్దులు?"

"ఏడు గంటలని చెప్తున్న గద! పొద్దుగాల లేస్తే పొద్దుమీకక ముందే అల్లుని కాడ ఉంటది. గందుకే రేపటి పండు కోయి. చెట్టు మీద వాసన కొట్టేది కోయి."

"మరి మన తోటకాడికెళ్ళి హైదరాబాద్ దాక?"

"గదేం దూరం?" అని శంకరయ్య నవ్వాడు.

చూశారా! ఏడు నూర్ల ఎనభై మైళ్ళు నాలుక చివర పెట్టుకున్న మనిషికి తన చెప్పుల కింది బాట లెక్కలోకి రాలేదు. మా కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూలుకు ఎడ్లబండి ఒక పొద్దు తింటుంది. అక్కడి నుంచి బస్సు ఏ రోజు కదులుతుందో, ఏ రోజు పడకేస్తుందో దానికే తెల్వదు. రేపటి పండును అంత దూరం కుదిపితే ఢిల్లీకి చేరేది రసమూ టెంకలే. ఈ మాట అంటే, "నీకు గాలిమోటర్ గురించి ఏం ఎరుక?" అన్నాడు.

ఎరుక లేకనే కదా అడుగుతున్నది!

మర్నాడు బడిపంతులు దగ్గరికి పోయాను. ఆయన గోడ మీద పటం విప్పి, దారం పెట్టి కొలిచి, రైలు బాట అయితే వెయ్యి మైళ్ళ పైన, రెండు రాత్రులు ఒక పగలు పడుతుందని చెప్పాడు. పిట్ట ఎగిరినట్టు పోతే ఎంత, బాట వంకరల వెంబడి పోతే ఎంత అని పలక మీద గీతలు గీశాడు. అంతా విని, "గాలిమోటర్ రోజూ లేస్తదా, అయ్యా?" అని అడిగాను. ఆయన దారం చుట్టుకుంటూ, "వారానికి మూడు దినాలో, నాలుగు దినాలో!" అన్నాడు. ఆ సంగతి ముందు చెప్పాలా, వద్దా? నాగర్‌కర్నూలు బస్సు డ్రైవరును అడిగితే ఆయన విమానం రెక్కల పొడుగు చెప్పాడు. రెక్కలు పెట్టుకుని నేనేం చేసుకోవాలి?

విసిగిపోయి లెక్క నేనే కట్టుకున్నాను. నాగర్‌కర్నూలుకు ఒక పొద్దు. హైదరాబాదుకు ఒకటి. గాలిమోటర్ లేచే దినం కోసం ఎదురుచూపులు ఒకటి, పొరపాటున రెండు. ఢిల్లీకి ఒకటి. అల్లుడుగారు నలుగురికీ బుట్ట చూపించి గొప్పలు పోవడానికి ఒకటి. మొత్తం ఆరు. నా ముప్పై యేండ్ల పనిలో ఎప్పుడూ ముందర చేరి చెడిన బుట్ట లేదు, ఆలస్యమై చెడినవే. సోమవారం తెల్లవారి ఆరు పొద్దుల కాయ ఏరి ఏరి యాభై కోశాను. సొన కారిపోయే దాకా తలకిందులుగా పెట్టి, తుడిచి, గడ్డి పరుపు మీద వరసలు పేర్చాను. నాగప్ప పేనిన తాడుతో మూతి బిగించి ఆరు ముళ్ళు వేశాను.

అప్పుడే తోట గేటు దగ్గర మోటరు చప్పుడైంది. బండి కాదు, బస్సు కాదు, దొర సొంత మోటరు! యుద్ధం మొదలైనప్పటి నుంచి పెట్రోలు లేక కొట్టంలో పడి ఉన్నదాన్ని అల్లుడి కోసం బయటికి తీశారు. డ్రైవర్ దేవదాసు దిగి, "పగటిపూటకల్ల హైదరాబాద్‌ల ఉంట, జోగులమ్మా. తెల్లారి గాలిమోటర్‌కు ఎక్కిస్త" అన్నాడు.

నా లెక్కలో సగం పొద్దులు ఆ మోటరు ఒక్కటే మింగేసింది. ఈ సంగతి శంకరయ్య ముందుగా చెప్పి ఉంటే మూడు పొద్దుల కాయ కోసేదాన్ని కదా! దొర కూడా దిగి వచ్చాడు. బుట్ట చుట్టూ తిరిగి, మూత మీద చెయ్యి పెట్టి, ముళ్ళు వేళ్ళతో తడిమి, "గట్టిగనే కట్టినవ్" అన్నాడు. ఆరు ముళ్ళూ ఆయన చేతి కిందనే ఉన్నాయి.

నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. ముళ్ళు ఉన్నాయి కదా, నాకెందుకు భయం అనుకున్నాను. ముందు చేరితే చేరనీ. అక్కడ కూర్చుని రోజుకొకటి విప్పుకుంటారు, ఆరో పొద్దున తింటారు. నీళ్ళు మింగాలని మనిషికి చెప్తామా? ముడి విప్పాలనీ అలాగే చెప్పలేదు.

మోటరు పోయాక నాగప్ప తాడు పేనుతూనే అడిగాడు. "అల్లునికి ముడి సంగతి తెల్సా?"

"తెల్వకేంది? మూతి మీదనే ఉన్నది గద!"

"ఆయన పట్నమోడు."

"పట్నమోడైతే కండ్లు లేవా?" అని కసిరాను. మగడు అన్నది సరైన మాట అని తెలిసినప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

గురువారం పొద్దెక్కాక దొర నుంచి పిలుపు వచ్చింది. గడీ వసారాలో దొర తిరుగుతున్నాడు. శంకరయ్య చేతిలో తార్ కాగితం ఉంది, ఢిల్లీ నుంచి వచ్చిన టెలిగ్రాం. బుట్ట మంగళవారం పగటిపూటకే ఢిల్లీ చేరిందట. శంకరయ్య చెప్పిన ఏడు గంటలకు మించి పావుగంట కూడా కాలేదట! నా జన్మలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ లోకంలో ఏదైనా చెప్పిన వేళకు చేరిందంటే అది ఆ బుట్టే. అల్లుడు ఆ సాయంత్రమే తన పైఅధికారులను ఇంటికి పిలిచి, గాలిలో వచ్చిన పండ్లంటూ కోసి పెట్టాడు.

శంకరయ్య చదివాడు. "కాయలు రాళ్ళు. పులుపు. నలుగురిలో నవ్వులపాలు."

"రేపటి పండు కోయమంటి" అని దొర అరిచాడు. "చెప్పిందొకటి, చేసిందొకటి! అల్లుని ముంగట నా ఇజ్జత్ తీసినవ్."

"దొరా, బుట్టకు ఆరు ముళ్ళు వేసిన. వాళ్ళు ఒక్కటి గూడ విప్పకుండ తెరిచిండ్రు. అన్ని కాయలు కొయ్యలే గద, ఒకటో రెండో కోసి ఉంటరు. మిగిలినయి గడ్డిలనే ఉంటయ్. ఈ పొద్దుటికి ఇంక మూడు ముళ్ళున్నయ్. ఆదివారం దాక ముట్టొద్దని జర తార్ కొట్టియ్యి దొరా, నీ కాల్మొక్త."

"అల్లునికి నీ ముళ్ళు ఏం ఎరుక? చెప్పినవా?"

ఊరుకోవలసిందే. కానీ నా నోరు ఊరుకోదు. "నేను చెప్పలే, తప్పే. నువ్వు గూడ చెప్పలే గద దొరా. ముళ్ళ మీద చెయ్యి పెట్టి చూస్తివి."

దొర ముఖం నల్లబడింది. అప్పటిదాకా ఉన్నది కాయల కోపం. ఇప్పుడు వచ్చింది వేరే కోపం.

లోపలి తలుపు చాటు నుంచి ఇందిరమ్మ అంది. "నాయినా, జోగమ్మ చెప్పేది నిజమే. ఆయనకు ముడి సంగతి తెల్వదు. ఒక్క తార్ కొట్టియ్యి, సాయంత్రానికి అందుతది."

"తప్పయింది, నాలుగు దినాలు ఆగు నాయినా అని అల్లునికి నేను తార్ కొట్టాల్నా? నువ్వు లోపలికి పో!" అని దొర బిడ్డను కసిరాడు. తర్వాత శంకరయ్య వైపు తిరిగాడు. "పట్నం గుత్తేదారు మూడేండ్ల సంది అడుగుతుండు గద? తోట గుత్తకు ఇచ్చేసిన అని రాయి. ఈమె మూడు దినాలల్ల గుడిసె ఖాళీ చేయాలె."

నేను ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గు లేదు. నాగప్ప కాలు గురించి చెప్పాను, మా అత్త గురించి చెప్పాను, నూటపది చెట్లలో ఏ చెట్టు ఏ వారం కాపు దించుతుందో ఇంకెవరికీ తెల్వదని చెప్పాను. దొర లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చేరే తార్ ఒకటి ఈ లోకంలో ఉంది, దాన్ని కొట్టే మనిషే లేడు. ఆ కడుపుమంట ఎవరికి చెప్పుకోవాలి?

పెబ్బేరులో మా తమ్ముడు ఎల్లన్నకు సంత పక్కన పశువుల కొట్టం ఉంది. అందులో ఒక మూల మాకిచ్చాడు. ఆదివారం పొద్దున నాగప్ప నిద్ర లేస్తూనే, "ఇయ్యాల ఆఖరి ముడి" అన్నాడు. నేను పేడ ఎత్తి బయట పోసి వచ్చాను.

పెబ్బేరు వచ్చిన పదమూడో నాడు కొట్టం ముందు దొర మోటరు ఆగింది. శంకరయ్య దిగాడు. ముఖమంతా నవ్వు.

"జోగులమ్మా, లే! అల్లుని జాబు వచ్చింది!"

జాబు ఇందిరమ్మ పేర వచ్చింది. శంకరయ్య దానిలోని సంగతి నిలబడే చెప్పాడు. ఆ సాయంత్రం తాడును చాకుతో తెంపారట. మూడు కాయలు కోసి చూసి, బుట్టను సామాన్ల గదిలోకి నెట్టేశారట. ఆదివారం తెల్లవారేసరికి ఇల్లంతా వాసన. వంటమనిషి గది తలుపు తీసి కేక వేశాడట. అల్లుడు నిలబడే నాలుగు పండ్లు తిని, మిగిలినవి ఆ పైఅధికారుల ఇండ్లకే పంపాడట. ఇలాంటి పండు పుట్టి ఎరగమని వాళ్ళు మనుషులను పంపి అడుగుతున్నారట. "అదే చేతితో కోసిన బుట్ట ఇంకొకటి పంపండి. ఏడు గంటలే కదా" అని రాశాడట.

"జాబు ఏ నాడు రాసిండు?"

"గదే ఆదివారం."

"ఇన్ని దినాలు ఏడున్నది?"

"రైల్ల వచ్చింది, బస్సుల వచ్చింది, నాగర్‌కర్నూల్ల రెండు దినాలు ఆగింది. జాబు గద, ఆలస్యమైతది."

అబ్బ! పుల్లటి మాటకు తార్ దొరికింది. తియ్యటి మాట రైలెక్కి, బస్సెక్కి, పదకొండు పొద్దులు కుంటుకుంటూ వచ్చింది.

అయినా నా పాడు మనసు ఆగలేదు. దొర పిలుస్తున్నాడు, పండు గెలిచింది, గుడిసె మళ్ళీ నాదేమో అనుకున్నాను. నాగప్ప తన దగ్గరున్న కొత్త తాడు చుట్ట నా చేతిలో పెట్టాడు. "జర సల్లగ మాట్లాడు. నోరు జారకు" అన్నాడు. జీవితంలో మొదటిసారి మోటరెక్కాను. దారి పొడుగునా ఏ చెట్టు నుంచి ఏ కాయ కోయాలో లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఈసారి మూడు ముళ్ళు చాలు. ముడి సంగతి కాగితం మీద రాసి పంపమని శంకరయ్యకు నాలుగుసార్లు చెప్పాను.

తోట గేటు దగ్గర రెండు లారీలు ఉన్నాయి. గుత్తేదారు మనుషులు నూటపది చెట్లనూ మూడు దినాల్లో దులిపేశారు. ఆరు పొద్దులది, పది పొద్దులది, ఇంకా టెంక ముదరనిది, అంతా ఒకే కుప్ప. కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి. లారీలో కాయల కింద పరుపుగా గడ్డి వేసి ఉంది. ఆ గడ్డి ఎక్కడిదని చూస్తే, నా గుడిసె కప్పు. నాలుగు నిట్టాడు గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి.

"యాభై కాయలు దొరకవా? ముప్పయ్యి? జర చూడు, జోగులమ్మా" అని శంకరయ్య నా వెంట చెట్టు చెట్టుకూ తిరిగాడు. "దొర అల్లునికి మాటిచ్చిండు. తార్ గూడ కొట్టిండు."

"తార్ కొట్టిండా?"

"ఆ. నిన్ననే. బుట్ట వస్తున్నదని."

నాకు నవ్వు వచ్చింది. అది నవ్వో ఏడుపో నాకే తెల్వలేదు. నా గుడిసె నోచుకోని తార్, లేని కాయల కోసం నిన్న పోయింది. గుడిసె సంగతి అడిగితే శంకరయ్య నేల చూశాడు. "మూడేండ్ల గుత్త. రాసుకున్నరు. దొర చేతిల గూడ లేదిప్పుడు. కాయ కోసినందుకు నీకు చీర పెట్టమన్నడు."

ప్రతి చెట్టూ ఎక్కి చూశాను, మీరు నమ్మకపోయినా సరే. ఆకు చాటున ఒక్క కాయ కూడా మిగల్లేదు. కిందికి దిగి, గుడిసె ఉన్న చోట అరుగు మీద కూర్చుని, నాగప్ప ఇచ్చిన తాడు చుట్ట విప్పాను. ముళ్ళు వేయడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. శంకరయ్య ముఖం విచ్చుకుంది. బుట్ట కోసమనుకున్నాడు. ఆరు దాటి ఏడు వేశాక అనుమానంగా చూశాడు. పదకొండో ముడి బిగించి తాడు ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంది?"

"ఢిల్లీకి పంపు. నెలకొకటి విప్పమను. ఆఖరిది విప్పినంక, మల్ల కాపు నాటికి ఈ చెట్లు బతికుంటే, కోసేటోళ్ళెవరన్న ఉంటే, కాయ అడగమను."

"పిచ్చి పట్టిందా? ఉత్త తాడు ఎట్ల పంపాలె?"

"గాలిమోటర్ల పంపు, పంతులూ. ఏడు గంటలే గద."

దేవదాసు మోటరు తలుపు తీసి పట్టుకుని, పెబ్బేరులో దింపుతానన్నాడు. వద్దన్నాను. నడిచే బయల్దేరాను. పెబ్బేరు చేరేసరికి రెండు పొద్దులు పట్టింది.